చచ్చిన ఎలుకకి బరువు చూసిన ల్యాబ్: మన మందుల వెనక ఉన్న సాఫ్ట్‌వేర్ కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక ఎలుకతో మొదలుపెడదాం.

అమెరికాలో ఒక ల్యాబ్. ఒక మందుని ఎలుకలకి నెలల తరబడి పెట్టి, వాటికి ఏమవుతుందో చూసే స్టడీ. రికార్డులో ఒక చోట ఫలానా నంబర్ ఎలుక చచ్చిపోయింది అని రాసుంది. సరే, ఎలుకలు చస్తాయి, అందులో వింతేం లేదు. కానీ ఇంకొన్ని పేజీలు తిప్పితే అదే నంబర్ ఎలుకకి మళ్ళీ బరువు చూసినట్టు రాసుంది. అంటే చచ్చిన ఎలుక లేచొచ్చి కాటా ఎక్కిందన్నమాట.

ఇది 1976లో ఒక గవర్నమెంట్ ఇన్‌స్పెక్టర్‌కి నిజంగా దొరికిన విషయం. అలాంటి ఎలుకల వల్లే ల్యాబ్‌లకి ఒక చట్టం వచ్చింది. ఆ చట్టంలోని రూల్స్ తర్వాత మెల్లగా కంప్యూటర్లలోకి ఎక్కాయి. ఈరోజు జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో, జడ్చర్లలోనో, వైజాగ్ పక్కన పరవాడలోనో ఒక ఫార్మా కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో కూర్చున్న కెమిస్ట్ లాగిన్ అవ్వగానే కనబడే స్క్రీన్ ఉంది చూశారా, దాని వెనక ఉన్నది ఆ ఎలుకల కథే.

ల్యాబ్ సాఫ్ట్‌వేర్ అంటే చాలామందికి బోరింగ్ టాపిక్. దీన్ని లిమ్స్ అంటారు, ల్యాబొరేటరీ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని ఫుల్ ఫామ్. మీరు రక్తపరీక్షకి వెళ్ళినప్పుడు ట్యూబ్ మీద బార్‌కోడ్ స్టిక్కర్ అంటిస్తారు కదా. ఆ ట్యూబ్ ఎవరిది, ఎప్పుడు వచ్చింది, ఏ ఫ్రిజ్‌లో ఉంది, ఏ మెషిన్‌లో పెట్టారు, ఏ నంబర్ వచ్చింది, ఆ నంబర్‌ని ఎవరు చూసి ఓకే చేశారు, ఇదంతా గుర్తుపెట్టుకునే సిస్టమ్ అన్నమాట. రీసెర్చ్ ల్యాబ్‌లో, మందుల కంపెనీలో కూడా ఇదే పని, ఇంకా పెద్ద ఎత్తున. వినడానికి సింపుల్. కానీ ఇది ఇక్కడిదాకా రావడానికి దాదాపు వందేళ్ళు పట్టింది.

ముందు నోట్‌బుక్ ఉండేది

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు వినే ఉంటారు. భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో, ఆ తర్వాత లెడర్లీ కంపెనీలో పనిచేసిన మనిషి. 1925లో ఆయన, సైరస్ ఫిస్కే కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే ఒక పద్ధతి పబ్లిష్ చేశారు. శాంపిల్‌లో కొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత ముదురుగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఇప్పటికీ బయోకెమిస్ట్రీ స్టూడెంట్లు ఫిస్కే-సుబ్బారావు మెథడ్ అని చదువుకుంటారు.

ఆ రోజుల్లో పని ఎలా ఉండేదంటే, మనిషి కొలవాలి, మనిషే నోట్‌బుక్‌లో రాయాలి. మంచి ల్యాబ్‌లలో ఆ నోట్‌బుక్‌కి కొన్ని పద్ధతులు ఉండేవి. పేజీలకి వరస నంబర్లు. పెన్సిల్ వద్దు, ఇంకే వాడాలి. ప్రతి రోజూ తేదీ వేసి సంతకం పెట్టాలి. పేజీ చింపకూడదు. పేటెంట్ గొడవలు వస్తే కోర్టులో పనికొస్తుందని ఇంకొకరి చేత సాక్షి సంతకం కూడా పెట్టించేవాళ్ళు. రోజుకి చేసే టెస్టులు తక్కువ కాబట్టి ఇదంతా నడిచింది.

తర్వాత మెషిన్లు వచ్చాయి. క్లీవ్‌లాండ్‌లో లియొనార్డ్ స్కెగ్స్ అనే బయోకెమిస్ట్‌కి ఒక ఐడియా వచ్చింది. సన్నని ట్యూబ్‌లో రక్తం శాంపిల్స్ ఒకదాని వెనక ఒకటి పంపిస్తూ, మధ్యలో గాలి బుడగలు పెడితే ఒకటి ఇంకోదాంట్లో కలవదు. రసాయనాలు కలపడం, రంగు కొలవడం అంతా మెషినే చేసుకుపోతుంది. 1957లో టెక్నికాన్ కంపెనీ దీన్ని ఆటోఎనలైజర్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. ఆ మెషిన్‌లో ఫాస్ఫరస్ టెస్టుకి వాడిన కెమిస్ట్రీ మన సుబ్బారావు గారి పద్ధతే, కొంచెం మార్పులతో.

1960లలో అదే కంపెనీ ఎస్ఎంఏ 12/60 అనే మోడల్ తెచ్చింది. పేరులోనే లెక్క ఉంది. ఒక్కో శాంపిల్‌కి 12 టెస్టులు, గంటకి 60 శాంపిల్స్. అంటే గంటకి 720 నంబర్లు. అవన్నీ కాగితం మీద గీతలుగా వస్తాయి. వాటిని ఎవరో ఒకరు చదవాలి, సరైన పేషెంట్ పేరు పక్కన రాయాలి. కొలవడం ఈజీ అయిపోయింది, కొలిచింది ఎవరిదో గుర్తుపెట్టుకోవడం కష్టమైపోయింది. ల్యాబ్‌కి కంప్యూటర్ కావాలి అన్న అవసరం నిజంగా ఇక్కడ మొదలైంది.

టేబుల్ పక్కకి వచ్చిన కంప్యూటర్

అప్పట్లో కంప్యూటర్ అంటే ఏసీ రూమ్‌లో పెద్ద బీరువాల వరస. సైంటిస్ట్ తన డేటాని కార్డుల మీద పంచ్ చేయించి, కౌంటర్‌లో ఇచ్చి, రిజల్ట్ కోసం గంటలు, రోజులు ఎదురు చూడాలి. ఎంఐటీకి చెందిన లింకన్ ల్యాబొరేటరీలో వెస్లీ క్లార్క్ అనే ఇంజనీర్‌కి ఈ పద్ధతి నచ్చలేదు. కంప్యూటర్ సైంటిస్ట్ పక్కనే ఉండాలి, ఆయనే ఆన్ చేసుకోవాలి, ఆయనే ఆఫ్ చేసుకోవాలి అన్నది ఆయన పట్టుదల.

1962లో ఆయన, చార్లెస్ మోల్నార్ కలిసి తయారుచేసిన మెషిన్ పేరు లింక్. ల్యాబొరేటరీ ఇన్‌స్ట్రుమెంట్ కంప్యూటర్ అన్న మాటల్లోంచి వచ్చిన పేరు అది. చిన్న స్క్రీన్, కీబోర్డ్, చేతిలో పట్టే టేప్ రీళ్ళు. అన్నిటికంటే ముఖ్యమైనది ఏంటంటే, ప్రయోగంలో ఉన్న తీగల్ని నేరుగా ఇందులోకి కనెక్ట్ చేయొచ్చు. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో ఒక పిల్లి నాడీ స్పందనల్ని దీంతో రికార్డ్ చేసి చూపించారు. సిగ్నల్ వస్తుండగానే స్క్రీన్ మీద కనబడింది. మధ్యలో కాగితం లేదు, రాసే మనిషి లేడు.

1963 ఎండాకాలంలో ఇంకో తమాషా జరిగింది. బయోమెడికల్ రీసెర్చర్లని పిలిచి, కిట్లు ఇచ్చి, మీ కంప్యూటర్ మీరే అసెంబుల్ చేసుకుని మీ ల్యాబ్‌కి పట్టుకెళ్ళండి అన్నారు. జీవశాస్త్రం చదివినవాళ్ళు కూర్చుని కంప్యూటర్లు బిగించుకున్నారు. ఈ మెషిన్‌కి ఆపరేటింగ్ సాఫ్ట్‌వేర్ రాసినావిడ పేరు మేరీ ఆలెన్ విల్క్స్. 1965లో ఆమె బాల్టిమోర్‌లో తల్లిదండ్రుల ఇంట్లో ఒక లింక్‌ని పెట్టుకుని అక్కడి నుంచే పని చేశారు. వర్క్ ఫ్రమ్ హోమ్ అన్న మాట పుట్టకముందే, ఒక ల్యాబ్ కంప్యూటర్‌తో, ఒక ఆడమనిషి చేసి చూపించిన పని అది.

దాదాపు అదే టైమ్‌లో, 1966-67లో, బోస్టన్‌లోని మాసచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఇంకో టీమ్ కూర్చుంది. ఆక్టో బార్నెట్ అనే డాక్టర్ నడిపిన ల్యాబ్‌లో నీల్ పప్పలార్డో, రాబర్ట్ గ్రీన్స్ లాంటి వాళ్ళు పేషెంట్ రికార్డుల కోసం, ల్యాబ్ రిపోర్టుల కోసం ఏకంగా కొత్త ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ రాసుకున్నారు. పేరు మంప్స్. అంటే గవదబిళ్ళలు! హాస్పిటల్ పేరుతో కలిపి పొడి అక్షరాలు పేర్చితే అలా వచ్చింది, వాళ్ళు నవ్వుకుని ఉంచేసుకున్నారు. నవ్వకండి, అరవై ఏళ్ళ కిందటి ఆ లాంగ్వేజ్ ఇంకా బతికే ఉంది. అమెరికాలో చాలా పెద్ద హాస్పిటళ్ళు వాడే ఎపిక్ సాఫ్ట్‌వేర్ లోపల ఉన్నది దాని వంశమే. మనం ఆరు నెలలకో జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ మారుస్తాం. హెల్త్ డేటా అలా మారదు.

సరే, ఇప్పటిదాకా కథలో అందరూ మంచివాళ్ళే. మెషిన్ వేగం పెరిగింది, కంప్యూటర్ సాయానికి వచ్చింది. ఇక్కడి వరకే ఉండుంటే ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఒక మంచి ఎక్సెల్ షీట్‌లాగా మిగిలిపోయేది. దాన్ని మార్చింది ఒక దొంగతనం.

బురద గది

చికాగో దగ్గర నార్త్‌బ్రూక్ అనే ఊళ్ళో ఇండస్ట్రియల్ బయో-టెస్ట్ ల్యాబొరేటరీస్ అని ఒక సంస్థ ఉండేది. అందరూ ఐబీటీ అనేవాళ్ళు. 1953లో జోసెఫ్ కలాండ్రా అనే ప్రొఫెసర్ పెట్టారు. పని ఏంటంటే, కంపెనీలు తమ మందులు, పురుగుమందులు, సబ్బుల్లో వేసే రసాయనాలు పంపిస్తే, ఎలుకల మీద, కుందేళ్ళ మీద టెస్ట్ చేసి ఇది సేఫ్ అనో కాదనో రిపోర్ట్ ఇవ్వడం. గవర్నమెంట్ ఆ రిపోర్ట్ చూసే పర్మిషన్ ఇస్తుంది. ఒక దశలో అమెరికాలో జరిగే టాక్సికాలజీ టెస్టుల్లో మూడో వంతు పైగా ఇక్కడే జరిగేవని లెక్క. ఆలోచించండి, ఒక్క ల్యాబ్ అబద్ధం ఆడితే ఎన్ని సీసాల మీద లేబుల్ అబద్ధం అవుతుందో.

1976లో అమెరికా ఎఫ్‌డీఏకి చెందిన పాథాలజిస్ట్ ఏడ్రియన్ గ్రాస్, ఐబీటీ చేసిన ఒక స్టడీని పరీక్షించడం మొదలుపెట్టారు. మందు పేరు నాప్రోక్సెన్. కీళ్ళ నొప్పులకి వాడతారు, మన మెడికల్ షాపుల్లో కూడా దొరుకుతుంది. తర్వాత దీని మీద సరైన స్టడీలు జరిగాయి, ఇప్పటికీ వాడుతున్నారు, కాబట్టి మందు గురించి కంగారు పడకండి. సమస్య మందులో లేదు, రికార్డులో ఉంది.

రికార్డుల్లో టీబీడీ అనే మాట మళ్ళీ మళ్ళీ కనబడింది. మన ఆఫీసుల్లో టీబీడీ అంటే ఇంకా డిసైడ్ అవ్వలేదని అర్థం. అక్కడ అర్థం వేరు. టూ బ్యాడ్లీ డీకంపోజ్డ్. ఎలుక ఎప్పుడో చచ్చి, ఎవరూ చూడక, కోసి పరీక్షించడానికి కూడా వీల్లేనంతగా కుళ్ళిపోయింది అని. ఎందుకు చచ్చిందో తెలుసుకోవడం కోసమే కదా అసలు స్టడీ పెట్టింది! ఆ ఒక్క సమాచారమూ పోయింది. చచ్చినట్టు రాసిన ఎలుకలకి తర్వాత బరువులు రాయడం కూడా అక్కడే బయటపడింది.

తవ్వినకొద్దీ ఇంకా వచ్చాయి. ఆ ల్యాబ్‌లో ఎలుకల గది ఒకదానికి పనివాళ్ళే పెట్టుకున్న పేరు స్వాంప్, అంటే బురదగుంట. ఎలుకలకి ఆటోమేటిక్‌గా నీళ్ళు పోసే సిస్టమ్ పెట్టారు. అది సరిగ్గా పనిచేయలేదు. కొన్ని బోనుల్లో నీళ్ళు చిమ్మి ఎలుకలు తడిసి చచ్చేవి, కొన్నిట్లో పైపు మూసుకుపోయి దాహంతో చచ్చేవి. అలాంటి గదిలో జరిగిన స్టడీని కాగితం మీద మాత్రం శుభ్రంగా, టేబుళ్ళతో, సంతకాలతో సబ్మిట్ చేశారు.

1983లో కేసు విచారణ నెలల పాటు నడిచింది. ముగ్గురు పాత అధికారులకి శిక్ష పడింది. కలాండ్రా విషయంలో విచారణ మధ్యలోనే ఆగిపోయింది. దానికంటే పెద్ద దెబ్బ ఏంటంటే, ఐబీటీ రిపోర్టుల మీద ఆధారపడిన వందల స్టడీలని అమెరికాలోనూ, కెనడాలోనూ మళ్ళీ తిరగతోడాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. గ్రాస్‌కి తప్పు ఎలా దొరికింది? కాగితం మీద రెండు వాక్యాలు ఒకదాన్ని ఒకటి ఖండించుకున్నాయి కాబట్టి. అబద్ధం రాసినవాడు బద్ధకస్తుడు కాబట్టి దొరికాడు. ఓపిగ్గా కూర్చుని మొత్తం నోట్‌బుక్ మళ్ళీ రాసుంటే?

కొట్టేయొచ్చు, చెరపకూడదు

దీనికి జవాబుగా ఎఫ్‌డీఏ గుడ్ ల్యాబొరేటరీ ప్రాక్టీస్ అనే రూల్స్ తెచ్చింది. 1978 డిసెంబర్‌లో పబ్లిష్ అయి, 1979 జూన్ నుంచి అమల్లోకి వచ్చాయి. షార్ట్‌గా జీఎల్‌పీ. 1981లో ఓఈసీడీ దేశాలు కూడా ఇలాంటి సూత్రాలే తెచ్చుకున్నాయి. మన దేశంలో దీనికి ఒక జాతీయ అథారిటీ 2002లో ఏర్పడింది. 2011 మార్చిలో భారత్‌కి ఓఈసీడీ వ్యవస్థలో పూర్తి గుర్తింపు వచ్చింది. అంటే ఇక్కడ జీఎల్‌పీ ల్యాబ్‌లో చేసిన సేఫ్టీ స్టడీని అక్కడి దేశాలు మళ్ళీ చేయమని అడగకుండా ఒప్పుకోవాలి.

జీఎల్‌పీలో చాలా ఉన్నాయి కానీ గుండెకాయ లాంటి రూల్ ఒక్కటే. ఏది చూశావో అది అప్పటికప్పుడు, ఇంకుతో రాయి. తప్పు రాశావా, పర్లేదు. మీద ఒక్క గీత కొట్టు, కింద ఉన్నది కనబడాలి. పక్కన కొత్తది రాసి, ఎందుకు మార్చావో కారణం రాసి, తేదీ వేసి, సంతకం పెట్టు. వైటనర్ పూయడం, పేజీ చింపడం కుదరదు.

వాట్సాప్‌లో మెసేజ్ డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొడితే ఏమవుతుంది? ఇక్కడ ఒక మెసేజ్ ఉండేది, డిలీట్ చేశారు అని మిగులుతుంది. జీఎల్‌పీ ఇంకో మెట్టు పైకెళ్ళి, డిలీట్ చేసిన మెసేజ్ ఏంటో కూడా అందరికీ కనబడాలి, ఎందుకు డిలీట్ చేశావో కూడా చెప్పాలి అంటుంది. ఫ్యామిలీ గ్రూపులో ఈ రూల్ పెడితే ఇల్లు పీకి పందిరేస్తారు గానీ, ల్యాబ్‌కి మాత్రం ఇదే ప్రాణం.

1978 నాటి ఆ రూల్‌లోనే కంప్యూటర్ల గురించి కూడా ఒక మాట ఉంది. ఆటోమేటిక్‌గా డేటా తీసుకునే సిస్టమ్ అయితే, ఎంటర్ చేస్తున్న మనిషి ఎవరో ఆ సమయంలోనే నమోదు కావాలి అని. అప్పటికి లిమ్స్ అనే ప్రొడక్టే మార్కెట్లో లేదు. మొదటి తరం కమర్షియల్ లిమ్స్ వచ్చింది 1982లో, ఒకే మినీకంప్యూటర్ మీద నడిచేది. అంటే సాఫ్ట్‌వేర్ కంటే ముందు దాని మీద అనుమానం పుట్టింది. మంచిదే అయింది.

సర్వర్‌కి సంతకం నేర్పడం

1990లు వచ్చేసరికి ఫార్మా కంపెనీల దగ్గర కాగితం గుట్టలు పెరిగిపోయాయి. మాకు కాగితం వద్దు, కంప్యూటర్‌లోనే సంతకం పెడతాం, ఒప్పుకుంటారా అని వాళ్ళే ఎఫ్‌డీఏని అడిగారు. చర్చలు సాగి సాగి 1997 మార్చి 20న ఒక రూల్ వచ్చింది. దాని పేరు 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11. అదే ఏడాది ఆగస్టు నుంచి అమలు. హైదరాబాద్‌లో ఫార్మా ఐటీలో పనిచేసేవాళ్ళకి ఈ నంబర్ సొంత ఫోన్ నంబర్ లాగా నోటికొస్తుంది.

అందులో మూడు విషయాలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి, ఎలక్ట్రానిక్ సంతకం ఒక మనిషికి ఒక్కటే, ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. రెండు, రికార్డ్ క్రియేట్ చేసినా, మార్చినా, డిలీట్ చేసినా తేదీ, టైమ్‌తో సహా కంప్యూటరే తనంతట తాను రాసుకోవాలి. దీన్నే ఆడిట్ ట్రెయిల్ అంటారు. మూడు, మార్పు చేసినా పాత విలువ కనబడుతూనే ఉండాలి. ఇంకుతో ఒక్క గీత కొట్టడం అన్న పాత రూల్ ఉంది చూడండి, దాన్నే డేటాబేస్ భాషలోకి మార్చారు.

కోడ్ రాసేవాళ్ళకి ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, ఇది గిట్ హిస్టరీ లాంటిది, కాకపోతే ఫోర్స్ పుష్ అనే ఆప్షన్ ఎవరికీ లేదు. టేబుల్‌లో అప్‌డేట్ కొట్టి పాత విలువని పోగొట్టే డిజైన్ ఇక్కడ పనికిరాదు. ప్రతి మార్పూ కొత్త వరసే. నార్మల్ యాప్‌లో లాగ్ అనేది బగ్ వచ్చినప్పుడు వెతుక్కునే మూల. ఇక్కడ లాగే అసలు ప్రొడక్ట్, మిగతాదంతా దాని చుట్టూ కట్టిన ఇల్లు.

ఎఫ్‌డీఏలో పనిచేసిన స్టాన్ వులెన్ అనే ఆయన ఈ మొత్తం ఆలోచనకి ఆల్కోవా అని ఒక పొడి పేరు పెట్టారు. డేటా ఎవరిదో తెలియాలి, చదవడానికి రావాలి, అప్పటికప్పుడు రాసిందై ఉండాలి, ఒరిజినల్ అయ్యుండాలి, కరెక్ట్‌గా ఉండాలి. ఫార్మా ఇంటర్వ్యూకి వెళ్ళే ఎంఎస్సీ కెమిస్ట్రీ ఫ్రెండ్ ఎవరైనా ఉంటే అడగండి, ఇది కంఠతా వచ్చేస్తుంది.

పక్క సందు పేరు ఎక్సెల్

ఇంత పెద్ద సిస్టమ్ కట్టాక కూడా మనుషులు ఏం చేస్తారు? డేటా ఎక్స్‌పోర్ట్ చేసి ఎక్సెల్‌లో పెట్టుకుంటారు. దీనివల్ల ఏమైందో రెండు ముక్కల్లో చెప్తాను.

సెప్ట్2, మార్చ్1 అని జన్యువుల పేర్లు ఉన్నాయి. ఎక్సెల్ వాటిని చూసి ఓహో తేదీలా అనుకుని సెప్టెంబర్ 2, మార్చి 1 చేసేస్తుంది. 2016లో ఒక టీమ్ చెక్ చేస్తే, జన్యువుల లిస్టుల్ని ఎక్సెల్ ఫైళ్ళుగా జతచేసిన రీసెర్చ్ పేపర్లలో సుమారు ఐదింట ఒకదానిలో ఈ తప్పు ఉంది. చివరికి ఎక్సెల్ మారలేదు, జన్యువులే పేర్లు మార్చుకున్నాయి. 2020లో ప్రకటించిన నియమాల ప్రకారం సెప్ట్1 కాస్తా సెప్టిన్1 అయింది. మైక్రోసాఫ్ట్ ఈ ఆటోమేటిక్ మార్పుని ఆపుకునే సెట్టింగ్ ఇచ్చింది 2023లో!

రెండోది నవ్వుకునే విషయం కాదు. 2020 సెప్టెంబర్ చివర, కోవిడ్ రెండో వేవ్ మొదలవుతున్నప్పుడు, ఇంగ్లండ్‌లో ల్యాబ్‌ల నుంచి వచ్చే పాజిటివ్ కేసుల ఫైళ్ళని పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లోకి లోడ్ చేశారు. ఆ ఫార్మాట్‌లో 65,536 వరసలే పడతాయి. బీటెక్ చదివినవాళ్ళకి ఆ నంబర్ చూడగానే తెలిసిపోతుంది, రెండు పవర్ పదహారు. దానికి మించినవి సైలెంట్‌గా రాలిపోయాయి. 15,841 కేసులు లెక్కలోకి రాలేదు. ఆ పేషెంట్లకి రిజల్ట్ అందింది, కానీ వాళ్ళని కలిసినవాళ్ళకి ఫోన్ చేసి జాగ్రత్త అని చెప్పాల్సిన టీమ్‌కి మాత్రం రోజుల తరబడి తెలియలేదు. ఎర్రర్ మెసేజ్ ఇవ్వని సాఫ్ట్‌వేర్ ఎంత ప్రమాదమో దీనికంటే మంచి ఉదాహరణ ఉండదు.

హైదరాబాద్, 2014

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఒక కంపెనీ జెనరిక్ మందు చేస్తే, అది ఒరిజినల్ బ్రాండ్ లాగానే ఒంట్లో పనిచేస్తుందని నిరూపించాలి. దానికి ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకి మందు ఇచ్చి, గంటగంటకీ రక్తం తీసి కొలుస్తారు. దీన్ని బయోఈక్వివలెన్స్ స్టడీ అంటారు. హైదరాబాద్‌లో ఇలాంటి స్టడీలు చేసిపెట్టే సంస్థలు చాలా ఉన్నాయి. యూరప్‌లో ఒకాయన వేసుకునే బీపీ మాత్రకి పర్మిషన్ ఇక్కడి రక్తం శాంపిల్ మీద నడుస్తుంది.

2014 మేలో ఫ్రాన్స్ మందుల ఏజెన్సీ ఇన్‌స్పెక్టర్లు హైదరాబాద్‌లోని జీవీకే బయోసైన్సెస్ సెంటర్‌కి వచ్చారు. కొన్ని స్టడీల్లో వాలంటీర్ల ఈసీజీలలో తారుమారు జరిగిందని, అది కనీసం ఐదేళ్ళ పాటు సాగినట్టుందని వాళ్ళు రిపోర్ట్ ఇచ్చారు. ఈసీజీ అంటే స్టడీలో సేఫ్టీ కోసం తీసేది, మందు రక్తంలో ఎంత ఉందో చెప్పేది కాదు. కానీ యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ అన్న మాట ఏంటంటే, అక్కడ ఇలా జరిగితే మిగతా డేటాని మాత్రం ఎలా నమ్మాలి? వెయ్యికి పైగా మందుల రూపాల్ని పరిశీలించి, 300కి పైగా వాటికి వేరే చోట చేసిన స్టడీలు ఉన్నాయని వదిలేసి, దాదాపు 700 వాటిని సస్పెండ్ చేయాలని 2015 జనవరిలో సిఫార్సు చేసింది. ఈ మందుల వల్ల ఎవరికైనా హాని జరిగిందనడానికి ఆధారం లేదని కూడా అదే ఏజెన్సీ స్పష్టంగా చెప్పింది.

మన కేంద్ర ప్రభుత్వం ఈ నిర్ణయాన్ని ఒప్పుకోలేదు. 2015 ఆగస్టులో యూరోపియన్ యూనియన్‌తో ఫ్రీ ట్రేడ్ చర్చల్నే వాయిదా వేసింది. ఎవరి వాదన ఎంత సరైనది అన్నది ఈ ఎపిసోడ్‌లో తేల్చే విషయం కాదు. నాకు ఇందులో ముఖ్యంగా కనబడింది వేరే. భారత్, యూరోపియన్ యూనియన్ మధ్య వ్యాపార చర్చలు, 700 మందులు, ఎన్నో ఉద్యోగాలు, ఇవన్నీ ఒక ఈసీజీ కాగితం ఏ మనిషిది అన్న ప్రశ్న మీద వేలాడాయి. సుబ్బారావు గారి రోజుల్లో నోట్‌బుక్ పక్కన పెట్టిన సాక్షి సంతకం జవాబు చెప్పాల్సిన ప్రశ్న అది.

అంతకు ముందు, 2013 మేలో, రాన్‌బాక్సీ అమెరికాలో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టడానికి సిద్ధపడింది. ఆ ఏళ్ళలో ఎఫ్‌డీఏ మన దేశంలోని ప్లాంట్లకి రాసిన వార్నింగ్ లెటర్లు వాళ్ళ వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేలా ఉంటాయి. చదివితే ఒకే పాట వినబడుతుంది. పది మందికి ఒకటే లాగిన్. ఆడిట్ ట్రెయిల్ ఆఫ్ చేసి పెట్టడం. ముందు అనధికారికంగా ఒకసారి శాంపిల్ టెస్ట్ చేసి చూసుకుని, పాస్ అయ్యేలా ఉంటే అప్పుడు అఫీషియల్‌గా చేయడం. కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పడం. ఇది మన దేశం రోగం మాత్రమే అనుకోకండి, బురద గది ఎక్కడుందో ఇందాకే చూశాం. చివరికి 2018 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ డేటా ఇంటిగ్రిటీ మీద ప్రశ్నలు, జవాబుల రూపంలో ఒక గైడెన్సే ఫైనల్ చేసింది.

సాఫ్ట్‌వేర్ ఎక్కడ ఆగిపోతుంది

ఇంజనీర్‌గా నాకు ఈ చరిత్రలో బాగా తగిలే పాయింట్ ఇది. ఒక మనిషి ఈసీజీ తీసి ఇంకో మనిషి పేరు మీద ఎక్కిస్తే, ప్రపంచంలో అత్యుత్తమ లిమ్స్ కూడా ఆ అబద్ధాన్ని టైమ్‌స్టాంప్ వేసి, సంతకం పెట్టి, బ్యాకప్ తీసి భద్రంగా దాచిపెడుతుంది. మార్చింది ఎవరో సిస్టమ్ చెప్పగలదు. మొదట్లోనే తప్పు పెడితే దానికి తెలియదు. అందుకే 1963లో లింక్ చేసిన పని ఇప్పటికీ ముఖ్యం. కాటా నుంచి, మెషిన్ నుంచి నంబర్ నేరుగా సిస్టమ్‌లోకి రావాలి. మధ్యలో మనిషి చెయ్యి ఎంత తక్కువ ఉంటే అబద్ధానికి చోటు అంత తక్కువ.

ఇంకో మాట. ఆడిట్ ట్రెయిల్ అంటే ఉద్యోగుల మీద పోలీసు అని చాలా చోట్ల ఒక ఫీలింగ్ ఉంది. క్యూసీలో కొత్తగా చేరిన కుర్రాడు దాన్ని చూసి భయపడతాడు. కానీ ఒక్కసారి ఇటువైపు నుంచి చూడండి. నెలాఖరు, బ్యాచ్ బయటికి వెళ్ళాలి, రిజల్ట్ ఫెయిల్ వచ్చింది. పైనుంచి ఫోన్, ఏదోటి చెయ్యమ్మా అని. అందరిదీ ఒకటే లాగిన్ అయితే, రేపు ఇన్‌స్పెక్షన్‌లో దొరికినప్పుడు మార్చిన చెయ్యి ఎవరిదో ఎవరికీ తెలియదు. మెమో మాత్రం అందరికంటే జూనియర్ చేతికి వస్తుంది. తన పాస్‌వర్డ్ తనకే ఉంటే, నేను రాసిన నంబర్ ఇది, ఇన్ని గంటలకి రాశాను, ఆ తర్వాత మార్చింది నేను కాదు అని ఆ కుర్రాడి తరఫున సిస్టమే సాక్ష్యం చెప్తుంది. పద్దెనిమిది వేల జీతం మీద పనిచేసే మనిషికి అంతకంటే పెద్ద లాయర్ దొరకడు.

ఐబీటీలో ఎలుకల గది ఊడ్చిన టెక్నీషియన్లకి అక్కడ ఏం జరుగుతోందో తెలుసు. ఆ గదికి బురదగుంట అని పేరు పెట్టిందే వాళ్ళు. వాళ్ళకి తెలిసిన నిజం ఏ రికార్డులోనూ ఎక్కలేదు, పైవాళ్ళు టైప్ చేయించిన రిపోర్టే వాషింగ్టన్‌కి వెళ్ళింది. గది ఊడ్చే మనిషి చూసింది కూడా రికార్డులోకి ఎక్కాలి, ఎక్కాక ఎవరూ చెరపలేకుండా ఉండాలి. ఈ మొత్తం సాఫ్ట్‌వేర్ చరిత్ర చేసిన ప్రయత్నం ఇంతే.

కాబట్టి మీలో ఎవరైనా ల్యాబ్‌లో పనిచేస్తుంటే, ఒక చిన్న మాట. మీ లాగిన్ ఎవరికీ ఇవ్వకండి, ఎంత క్లోజ్ ఫ్రెండ్ అయినా, ఎంత పెద్ద సార్ అడిగినా. కోడ్ రాసేవాళ్ళయితే, మీ టేబుల్‌లో డిలీట్ కమాండ్ రాసే ముందు ఒక్క నిమిషం ఆగి, రేపు ఈ వరస గురించి ఎవరైనా అడిగితే ఏం చూపిస్తాను అనుకోండి. ఇంట్లో అమ్మానాన్న వేసుకునే బీపీ మాత్ర వెనక కూడా ఇలాంటి ఒక టేబుల్, అందులో ఒక వరస ఉంది.

ఇదండీ ఈ ఎపిసోడ్. ఫార్మాలో పనిచేసే ఫ్రెండ్ ఉంటే వాళ్ళకి పంపించండి, వాళ్ళ పని ఏంటో ఇంట్లోవాళ్ళకి చెప్పడానికి పనికొస్తుంది.